మిట్ట వస్తే ముక్కే ఇంజిను: క్యాంపర్ బండి డైరీ

తమ్మరాజుపల్లె ఘాట్

కర్నూలు నుంచి ఓర్వకల్లు దాకా బండి మామూలుగానే వచ్చింది. తమ్మరాజుపల్లె ఘాట్ మొదలయ్యాక తేడా బయటపడింది. నాలుగో గేరులో 60 మీద వెళ్తూ ఆక్సిలరేటర్ ఇంకొంచెం తొక్కితే ఇంజిను ఒక క్షణం పట్టించుకోదు, ఆ తర్వాత ఒక్క ఉదుటున లాగుతుంది. మళ్లీ తొక్కితే మళ్లీ అదే వరస. మూడులోకి దించితే సర్దుకుంది గానీ, మిట్ట చివర్లో మూడులో కూడా ముక్కింది. పాణ్యం వైపు దిగుడు రాగానే ఏ జబ్బూ లేనట్టు పరుగెత్తింది.

మాది 2003 మోడల్ టెంపో ట్రావెలర్. ఒకప్పుడు స్కూలు పిల్లల్ని మోసిన బండి. సీట్లు పీకేసి, వెనక మడత మంచం, నీళ్ల ట్యాంకు, రెండో బ్యాటరీ, చిన్న గ్యాస్ స్టవ్ పెట్టుకున్నాం. ఇంజిను మెర్సిడెస్ ఓఎం 616 జాతిది. నాలుగు సిలిండర్లు, టర్బో లేదు, కంప్యూటర్ లేదు, సెన్సర్లు లేవు. లాప్‌టాప్ తగిలించి కోడ్ చదివే సౌకర్యం లేదు కాబట్టి రోడ్డు మీద కళ్లు, చెవులు, ఒక స్పానర్ సెట్టు, అంతే. ప్రయాణంలో మనుషులం ముగ్గురం: నేను, మా ఆవిడ, బావమరిది.

పెట్రోలు బండి అయితే ప్లగ్గు, కాయిల్, కార్బొరేటర్ అని అనుమానాలు నాలుగు వైపులా పోతాయి. డీజిల్‌లో మంట పుట్టించేది కరెంటు కాదు, గట్టిగా నొక్కడంతో వేడెక్కిన గాలి. అందుకే లెక్క మూడింటికి దిగుతుంది. గాలి సరిపోవాలి, డీజిల్ సరిపోవాలి, ఆ డీజిల్‌ను సమయానికి సరిగ్గా చిమ్మాలి. వీటిలో ఏది తప్పిందో ముందుగా చెప్పేది పొగ.

బావమరిదిని వెనక అద్దం దగ్గర కూర్చోబెట్టి, బండి ముక్కిన ప్రతిసారీ ఏం కనిపిస్తోందో చెప్పమన్నా. "ఏం లేదు బావా, శుభ్రంగా ఉంది" అన్నాడు. నల్ల పొగ వచ్చి ఉంటే గాలి తక్కువైందనో, సిలిండర్లలోకి చిమ్మే నాజిళ్లు డీజిల్‌ను తుంపరగా కాకుండా ధారగా పోస్తున్నాయనో అనుకోవాలి. తెల్ల పొగ వస్తే డీజిల్ కాలకుండానే బయటికి పోతోందని, టైమింగ్ చూసుకోవాలని అర్థం. బలం పోతోంది, పొగ మాత్రం లేదు. అంటే ఇంజినుకు తిండే అందడం లేదు. నా అనుమానమంతా ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న పైపు మీదికి పోయింది.

బెలుం

బనగానపల్లె దాటాక ఇంకా ఎక్కువైంది. చదునైన రోడ్డు మీద కూడా లారీని దాటేందుకు తొక్కితే వెనకాడుతోంది. కొలిమిగుండ్ల మీదుగా బెలుం చేరేసరికి సాయంత్రం. మా వాళ్లిద్దరూ గుహల్లోకి వెళ్లారు. 3 కిలోమీటర్లకు పైబడిన గుహలవి, జనాన్ని పోనిచ్చేది అందులో సగం దూరమే. లోపల గాలి ఆడదు, చెమటలు కారతాయి. నేను ఇదివరకే చూశాను కాబట్టి బానెట్ ఎత్తుకుని కూర్చున్నా.

ఖర్చు లేనివి ముందు చూడాలి. బావమరిది తిరిగొచ్చాక అతన్ని ఆక్సిలరేటర్ పూర్తిగా తొక్కమని, నాజిళ్లకు డీజిల్ నెట్టే పెద్ద పంపు మీద లివరు చివరి స్క్రూ దాకా వస్తోందా లేదా చూశా. వస్తోంది. కేబుల్ సాగి సగమే లాగుతుంటే కూడా బండికి ఇలాగే బలం ఉండదు. చాలామంది ఇది చూడకుండానే ఫిల్టర్లు మార్చేస్తారు. ఎయిర్ ఫిల్టర్ దుమ్ముగా ఉంది గానీ మూసుకుపోలేదు.

డీజిల్‌లోని నీళ్లు దిగే బౌల్ అడుగున స్క్రూ వదులు చేస్తే అరచెంచాడు నీళ్లు, దాని వెంట తుప్పు రంగు బురద వచ్చాయి. అది ఎందుకొచ్చిందో తెలుసు. సీట్లు పీకి మంచం కట్టే పనుల్లో బండి షెడ్డులో నెలల తరబడి ఖాళీ ట్యాంకుతో నిలబడింది. ట్యాంకులో డీజిల్ తక్కువ ఉన్నకొద్దీ లోపలి గాలిలోని తేమ రాత్రిళ్లు చల్లబడి గోడలకు పడుతుంది. నీళ్లు డీజిల్ కంటే బరువు, అడుక్కి చేరతాయి. అక్కడ తుప్పు మొదలవుతుంది.

ట్యాంకుకూ, అందులోంచి డీజిల్ లాగి పెద్ద పంపుకు అందించే ఫీడ్ పంపుకూ మధ్య పాత యజమాని ఒక చిన్న ప్లాస్టిక్ ఫిల్టర్ వేయించాడు. తీసి నోటితో ఊదితే గాలి పోవడమే కష్టంగా ఉంది. డబ్బాలో స్పేరు ఉంది, మార్చేశా. ట్యాంకు మూత కూడా పరీక్షించా. మూతలోని గాలి రంధ్రం మూసుకుపోతే, డీజిల్ తగ్గేకొద్దీ ట్యాంకులో వెలితి పెరిగి పంపు ఎంత లాగినా రాదు. మూత తిప్పినప్పుడు గాలి పీల్చుకున్న చప్పుడు రాలేదు. అది కాదు.

పొద్దున స్టార్టు చేస్తే చాలాసేపు తిప్పాల్సి వచ్చింది. చల్లని ఇంజిను లేచేందుకు సిలిండర్లను వేడిచేసే హీటర్ ప్లగ్గుల మీద అనుమానంతో ఒక్కోదానికి టెస్టు బల్బు పెట్టి చూస్తే నాలుగూ వెలిగించాయి. "పొద్దున స్టార్టింగ్ ఆలస్యం, కారణం తెలియలేదు" అని మా ఆవిడ నోటుబుక్కులో రాసింది. ఆమె డీజిల్, టిఫిన్లు, టోల్ అన్నీ కిలోమీటర్ రీడింగుతో సహా రాస్తుంది. ఆ పుస్తకం తర్వాత అక్కరకొచ్చింది.

గండికోట

జమ్మలమడుగులో ట్యాంకు నిండా పోయించాం. అక్కడి నుంచి గండికోటకు 15 కిలోమీటర్లు. బండి ఎక్కడా ముక్కలేదు. బావమరిది "ఫిల్టరే బావా, తేలిపోయింది" అని తీర్పు చెప్పేశాడు.

పెన్నా నది ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పోయిన ఆ లోయ గురించి కొత్తగా నేను చెప్పేదేమీ లేదు. పొద్దునే చూడాలి, సాయంత్రం జనం ఎక్కువ. నాకు సంబంధించిన ముచ్చట వేరే ఉంది. మర్నాడు పొద్దున తాళం తిప్పగానే ఇంజిను లేచింది. బెలుంలో అంత ఏడిపించిన బండి ఇక్కడ అరక్షణం కూడా తీసుకోలేదు. రెండు చోట్లా వాతావరణంలో పెద్ద తేడా లేదు. ఫిల్టర్ మూసుకుపోతే పరుగులో బలం తగ్గుతుంది గానీ, పొద్దున స్టార్టింగ్ ఆలస్యం కావడానికి అది మంచి కారణం కాదు. రాత్రంతా పైపులో నిలవాల్సిన డీజిల్ ట్యాంకులోకి జారిపోతేనే అలా జరుగుతుంది. జారిపోవాలంటే ఎక్కడో గాలి దూరాలి. ఫిల్టర్‌తో కథ ముగిసిందని నేను అనుకోకపోవడానికి కారణం ఇదొక్కటే.

ప్రొద్దుటూరు మీదుగా కడప, అక్కడి నుంచి బ్రహ్మంగారి మఠం, పుష్పగిరి, ఒంటిమిట్ట తిరిగాం. బండి చక్కగా నడిచింది. కడపలో కారం దోశ తిన్న ప్రతిసారీ ఇక చాలనుకుని, మర్నాడు మళ్లీ అక్కడికే వెళ్లాం.

గువ్వలచెరువు ఘాట్

కడప నుంచి రాయచోటి రోడ్డులో గువ్వలచెరువు ఘాట్ ఎక్కాలి. మలుపులు దగ్గర దగ్గరగా ఉంటాయి, లారీలు ఎక్కువ. సగం ఎక్కాక పాత రోగం తిరగబెట్టింది, ఈసారి గట్టిగా. రెండో గేరులో కూడా ఇంజిను ఊగిసలాడింది. వెనక లారీ హారన్ మీద హారన్. నిజంగానే టెన్షన్ పడ్డాం. రోడ్డు కాస్త వెడల్పున్న చోట పక్కకు తీసి, చక్రాల కింద రాళ్లు పెట్టి, వెనక ట్రయాంగిల్ పెట్టాం.

అలాంటి చోట గాలా, అడ్డమా తేల్చుకోవడానికి నేను నమ్మేది ఫీడ్ పంపు మీద ఉండే చేతి పంపు. మర తిప్పి పైకి లాగి కొట్టి చూడాలి. ట్యాంకు వైపు అడ్డం ఉంటే, పైకి లాగిన పిడిని ఎవరో లోపల్నుంచి గుంజినట్టు అది తిరిగి కిందికి పోతుంది. గాలి ఉంటే మెత్తగా, బలం లేకుండా ఆడుతుంది. డీజిల్ నిండుగా ఉంటే నాలుగు దెబ్బల్లోనే చేతికి బిగుతు తగులుతుంది. మాది మెత్తగా ఆడింది. ఫిల్టర్ పైన గాలి తీసే స్క్రూ వదులు చేసి కొడితే నురుగు నురుగుగా డీజిల్ వచ్చింది. ఇక సందేహం లేదు, గాలి పడుతోంది.

మా అవస్థ చూసి ఒక లారీ డ్రైవర్ ఆగాడు. ఇంజినులోకి ఒకసారి తొంగిచూసి, "గాలి పీలుస్తాంది సామీ. జాయింట్లకంతా గ్రీజు పూయండి, పైకి పోతారు" అన్నాడు. డబ్బాలోంచి గ్రీజు తానే తీసిచ్చాడు. ఇది ఊరికే చెప్పే చిట్కా కాదు. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న దారిలో డీజిల్‌ను పంపు పీల్చుకుంటుంది. అక్కడ చిల్లి పడితే డీజిల్ బయటికి కారదు, బయటి గాలి లోపలికి పోతుంది. కింద తడి కనిపించలేదు కాబట్టి లీకు లేదని అనుకోవడానికి వీల్లేదు. ఫీడ్ పంపు దాటిన తర్వాత మాత్రం ఒత్తిడి ఉంటుంది, అక్కడ లీకైతే కారుతుంది, కళ్లకు కనిపిస్తుంది. పీల్చే వైపు జాయింట్ల మీద గ్రీజు దట్టంగా పూస్తే కాసేపు ఆ సందు మూసుకుంటుంది. బండి బాగైతే లీకు ఆ జాయింట్లోనే ఉన్నట్టు.

అన్నింటికీ పూశాం. గాలి తీసేసి స్టార్టు చేస్తే మూడు మలుపులు బాగా ఎక్కింది, మళ్లీ ముక్కడం మొదలైంది. అంటే జాయింట్లు కావు. గ్రీజు పూయలేని చోట ఎక్కడో ఉంది.

ఎలాగోలా పైకి చేరాం. గువ్వలచెరువులో పాలకోవా కొనుక్కుని, బండి చల్లబడే దాకా కూర్చున్నాం. ముందుకు రాయచోటి వెళ్లేకంటే వెనక్కి కడపకే దిగడం మేలని తేల్చాం. దిగుడులో ఇంజినుకు పని తక్కువ, పైగా విడిభాగాలు కడపలో దొరుకుతాయి.

కడప, పంపు షాపు

డీజిల్ పంపులు బాగుచేసే షాపులో పెద్దాయన బండి శబ్దం విని, ఒక రౌండు నడిపి, "పంపు దించాల్సిందే సామీ. ఎలిమెంట్లు అరిగినట్లుండాయి. ఎండకు డీజిల్ పల్చబడి పక్కలకు జారిపోతాంది" అన్నాడు. పదిహేను వేలు దాటొచ్చని చెప్పాడు. ఆయన మాట తీసిపారేసేది కాదు. పంపులో డీజిల్‌ను నెట్టే ప్లంజర్లూ వాటి గదులే ఈ ఎలిమెంట్లు; వాటి మధ్య సందు వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నం. అది అరిగితే వేడెక్కి పల్చబడ్డ డీజిల్ ఆ సందులోంచి జారి, చిమ్మే పరిమాణం తగ్గుతుంది. కానీ అలాంటప్పుడు వేడి ఇంజిను స్టార్టు కావడమే గగనం. మాది వేడిలో వెంటనే లేస్తోంది, పొద్దున చల్లగా ఉన్నప్పుడే ఏడిపిస్తోంది, అదీ కొన్ని రోజులే. పైగా చేతి పంపు దగ్గర నురుగు కళ్లారా చూశాం. పంపు అరిగితే దాని ముందున్న పైపులో నురుగు రాదు.

"ఒక్క రోజు టైం ఇవ్వన్నా, ట్యాంకు వైపు చూసుకుని వస్తా" అన్నా. ఆయన నొచ్చుకోలేదు. "చూడుపో, ఏమీ దొరక్కపోతే దించుదాం" అన్నాడు.

ఈ ప్రయాణంలో ఎవరికైనా గట్టిగా చెప్పగలిగింది ఇదే: ట్యాంకు వైపు తప్పు లేదని రుజువయ్యే దాకా పంపుకు స్పానర్ పెట్టనివ్వకూడదు. పంపు దించితే టైమింగ్ కదులుతుంది, క్యాలిబ్రేషన్ (అన్ని సిలిండర్లకూ సమంగా చిమ్మేలా సరిచేయడం) అంటారు, రోజులు పోతాయి. ట్యాంకు వైపు పరీక్షకు కావలసింది రెండు పైపు ముక్కలు, ఒక డబ్బా.

ఆ రాత్రి మా ఆవిడ నోటుబుక్కు ముందేసుకుంది. "ఏమండీ, ఇది చూశారా? నిండా పోయించాక దగ్గర దగ్గర 250 కిలోమీటర్లు నడిచిందాకా గోల లేదు. ఆ తర్వాతే మొదలైంది. కర్నూల్లో బయల్దేరినప్పుడు కూడా సగం ట్యాంకే ఉంది." మాది దాదాపు 60 లీటర్ల ట్యాంకు, లీటరుకు 10 కిలోమీటర్లు ఇస్తుంది. అంటే సగానికి దగ్గరవుతుంటే రోగం, పైన ఉంటే ఆరోగ్యం. గేజీ ముల్లు ఎప్పుడూ మధ్యలోనే వేలాడుతుంది కాబట్టి డాష్‌బోర్డు చూసి ఈ సంగతి పట్టుకోవడం అయ్యే పని కాదు.

ట్యాంకు లోపల డీజిల్ పీల్చే గొట్టం పైనుంచి అడుగు దాకా దిగి ఉంటుంది. దానికి మధ్యలో చిల్లి పడితే, డీజిల్ ఆ చిల్లికి పైన ఉన్నంతసేపు చిల్లిలోంచి కూడా డీజిలే వస్తుంది, ఏ తేడా తెలియదు. మట్టం చిల్లికి కిందికి దిగగానే గాలి వస్తుంది. చిల్లి పడ్డ స్ట్రాతో కొబ్బరి బోండాం తాగినట్టే. ఘాట్ మీద బండి వాలుతుంది, డీజిల్ ఒక పక్కకు పోతుంది, చిల్లి ఇంకాస్త ముందే బయటపడుతుంది. పైగా ఎక్కేటప్పుడే ఇంజినుకు ఆకలెక్కువ. సగం ట్యాంకుతో రాత్రంతా నిలబెడితే ఆ చిల్లిలోంచి గాలి దూరి పైపులోని డీజిల్ ట్యాంకులోకి జారిపోతుంది. బెలుం పొద్దుకూ గండికోట పొద్దుకూ తేడా అదే. కాగితం మీద అంతా కుదిరింది. ఇక చూపించాలి.

లెవెల్ పైపు, డబ్బా

పొద్దున హార్డువేర్ షాపులో మేస్త్రీలు మట్టం చూసుకునే పారదర్శకమైన లెవెల్ పైపు రెండు మీటర్లు కొన్నా. ఫీడ్ పంపులోకి వచ్చే రబ్బరు పైపు చివర తీసి, మధ్యలో మూరెడు లెవెల్ పైపు కలిపి క్లిప్పులు బిగించా. స్టార్టు చేసి రేజ్ ఇస్తుంటే బావమరిది టార్చి పట్టుకున్నాడు. మొదట నిండు డీజిల్. కాసేపటికి సన్నని బుడగలు, ఆ తర్వాత బుడగల వరస. రేజ్ పెంచితే బుడగలు పెద్దవయ్యాయి. ఈ పైపు పరీక్షకు మాత్రమే. డీజిల్ తగిలితే కొన్నాళ్లకు గట్టిబడి పగులుతుంది, అలాగే వదిలేసి ఊళ్లు తిరగకూడదు.

తర్వాత డబ్బా పరీక్ష. 10 లీటర్ల క్యానులో కొత్త డీజిల్ పోసి, పైన లగేజీ క్యారియర్‌కు తాళ్లతో కట్టి, అక్కడి నుంచి పైపు నేరుగా ఫీడ్ పంపుకు దించా. క్యానును లోపల సీట్ల మధ్య పెడదామని బావమరిది అన్నాడు, ఒప్పుకోలేదు. డీజిల్ అంటుకోదని ఒక ధీమా ఉంటుంది మనకు. ఇప్పుడు బంకుల్లో దొరికే బీఎస్-6 డీజిల్ ఫ్లాష్ పాయింట్, అంటే దాని ఆవిరికి నిప్పు అంటుకోగల వేడి, కనీసం 35 డిగ్రీలు ఉంటే చాలని ప్రమాణం. మార్చి మధ్యాహ్నం కడపలో గాలే ఆ వేడి దాటుతుంది. మూసిన బండిలో, వేడి ఇంజిను పక్కన, గ్యాస్ స్టవ్ ఉన్న చోట ఆ క్యాను పెట్టేది లేదు.

ఇంకో చిన్న సంగతి. ఫీడ్ పంపు ఇంజినుకు కావలసినదానికంటే ఎక్కువే తోస్తుంది. మిగిలింది రిటర్న్ పైపులో పెద్ద ట్యాంకుకు పోతుంది. అందుకే క్యాను మనం అనుకున్నదానికంటే త్వరగా ఖాళీ అవుతుంది. మధ్యలో చూసుకోకపోతే, బాగున్న బండి ఆగి కొత్త అనుమానాలు పుడతాయి.

అదే ఘాట్ మీదికి, అదే బరువుతో వెళ్లాం. క్యాను మీద బండి మూడో గేరులో ఎక్కడా గుక్క తిప్పుకోకుండా ఎక్కింది. పైన ఆగి పైపును మళ్లీ పెద్ద ట్యాంకుకు మార్చి, కిందికి దిగి మళ్లీ ఎక్కితే మొదటి పెద్ద మలుపులోనే ముక్కింది. పంపు నిర్దోషి, నాజిళ్లు నిర్దోషి. చివరగా కడపలో ట్యాంకు నింపి లెవెల్ పైపు చూస్తే ఒక్క బుడగ లేదు. ఏ ఎత్తులో చిల్లి ఉందో కూడా తెలిసిపోయింది. కానీ ఆ నింపిన డీజిలంతా మర్నాడు ట్యాంకు దించేందుకు క్యాన్లలోకి తోడాల్సి వచ్చింది. మా ఆవిడ ఆ శ్రమను కూడా నోటుబుక్కులో రాసింది.

ట్యాంకు దించడం

రేడియేటర్లు, ట్యాంకులు అతికే షాపు వెనక ఖాళీ స్థలంలో బండి పెట్టాం. పట్టీలు రెండు, రిటర్న్ పైపు, గేజీ వైరు విప్పి ట్యాంకును జాకీ మీద మెల్లగా దించాం. పైన గుండ్రని మూతకు స్క్రూలు. ఆ మూతకే పీల్చే గొట్టం, గేజీ తేలుడు బెండు రెండూ ఉన్నాయి.

గొట్టం బయటికి తీయగానే కథ కనిపించింది. ఎప్పుడో ఎవరో మధ్యలో కోసి, వేరే ముక్క చేర్చి ఇత్తడితో అతికించారు. ఆ అతుకు పక్కనే సన్నని పగులు, కంటికి గీతలాగా ఉంది. కింది చివర బొటనవేలితో మూసి, పగులున్న భాగాన్ని బకెట్టు నీళ్లలో ముంచి పైనుంచి ఊదితే బుడగలు వరసగా వచ్చాయి. కింద గొట్టానికి ఆధారం లేదు, డీజిల్ ఊగినప్పుడల్లా ఆ చోటే వంగుతూ ఉండాలి. ఇన్నేళ్లు ఆగిందే గొప్ప.

షాపతను పగులు మీద మళ్లీ ఇత్తడి పోస్తానన్నాడు. వద్దని, మొత్తం గొట్టాన్నే కొత్త ఉక్కు పైపుతో చేయమన్నా. రాగి పైపు వంచడం తేలికే గానీ, డీజిల్‌తో ఎప్పుడూ తగిలి ఉండే చోట రాగి డీజిల్‌ను త్వరగా చెడగొడుతుంది. కొత్త గొట్టం కింది చివరను ఏటవాలుగా కోయించా. నిటారుగా కోస్తే అడుగుకు ఆనుకుని మూసుకుపోవచ్చు. అడుగుకూ గొట్టానికీ మధ్య వేలి మందం వదిలాం, బురద నేరుగా పీల్చకుండా. నిప్పు పని అంతా విప్పిన మూత మీదే, ట్యాంకు చాలా దూరంగా ఉంది. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కంటే ప్రమాదం, లోపల ఆవిరి ఉంటుంది. ఈ విషయంలో షాపతను నాకంటే జాగ్రత్తగా ఉన్నాడు.

గొట్టం చివర సన్నని జాలీ కడతానని ఒక సలహా వచ్చింది. నాకు నచ్చలేదు. ట్యాంకు లోపలి జాలీ మూసుకుపోతే రోడ్డు మీద చేతికి అందదు. చెత్త పట్టాల్సిన చోటు చెయ్యి పెట్టగలిగిన చోటే ఉండాలి, బౌల్‌లోనో బయటి ఫిల్టర్‌లోనో.

ట్యాంకులో కాస్త డీజిల్ పోసి, చిన్న గొలుసు ముక్క వేసి అటూ ఇటూ ఊపి కడిగాం. మొదటి కడుగుడులో తుప్పు పొలుసులు చాలానే వచ్చాయి, చివరికి డీజిల్ తేటగా దిగింది. గొలుసు బయటికి తీశామా లేదా అని మా ఆవిడ రెండుసార్లు అడిగింది. ఇద్దరికీ ఎదురుగా చూపించాకే మూత బిగించాం.

రబ్బరు పైపులు పగల్లేదు గానీ వంచితే సన్నని గీతలు కనిపిస్తున్నాయి, అన్నీ మార్చేశా. రాగి వాషర్లు కొత్తవి రెండు సైజులు దొరికాయి, మూడోది దొరకలేదు. పాతదాన్నే ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచా. వాడిన రాగి గట్టిపడుతుంది, కాలిస్తే మళ్లీ మెత్తబడి సందులు మూస్తుంది. గొట్టం, అతుకు, పైపులు, వాషర్లు, ఫిల్టర్లు, కూలీ అన్నీ కలిపి మూడు వేల లోపే.

గాలి తీయడం

ట్యాంకు ఎక్కించాక గాలి తీయడానికే ఓపిక కావాలి. వరస తప్పకూడదు. ముందు ఫిల్టర్ తల మీద స్క్రూ ఒక చుట్టు వదులు చేసి, నురుగు పోయి నిండు డీజిల్ వచ్చేదాకా చేతి పంపు కొట్టి, డీజిల్ కారుతుండగానే బిగించాలి. తర్వాత పెద్ద పంపు మీద స్క్రూ అదే పద్ధతిలో. మాకు ఇంతటితోనే ఇంజిను లేచింది. లేవకపోతే నాజిళ్ల దగ్గర 17 నంబరు నట్లు వదులు చేసి, స్టార్టర్ తిప్పి, డీజిల్ చిమ్మగానే బిగించాలి. అక్కడ చెయ్యి, ముఖం దూరంగా ఉంచాలి. నాజిల్ తెరుచుకునే ఒత్తిడి వంద బార్లు దాటుతుంది, ఆ ధార చర్మంలోకి దిగిందంటే నేరుగా ఆస్పత్రికే. చేతి పంపు పిడిని చివర్లో మళ్లీ మర తిప్పి బిగించాలి. వదులుగా వదిలేస్తే అదే కొత్త గాలి దారి అవుతుంది.

రాయచోటి, గాలివీడు, కదిరి

ఈసారి కావాలనే సగానికి తక్కువ డీజిల్‌తో గువ్వలచెరువు ఘాట్ ఎక్కించా. మూడో గేరులో, నీళ్ల ట్యాంకు నిండుగా, మిట్ట మధ్యాహ్నం. ఎక్కడా వెనకాడలేదు. లెవెల్ పైపు ముక్క ఇంకా తీయలేదు కాబట్టి పైన ఆగి చూశాం, బుడగ లేదు. అక్కడే దాన్ని తీసేసి కొత్త రబ్బరు పైపు నేరుగా వేశా.

రాయచోటి నుంచి గాలివీడు మీదుగా కదిరికి. తిమ్మమ్మ మర్రిమాను దగ్గర ఒక రాత్రి ఆగాం. పొద్దున అరతిప్పుకే స్టార్టు.

కదిరి దాటాక ముదిగుబ్బ వైపు రోడ్డు పనుల దుమ్ములో చాలా దూరం నడిచాం. అనంతపురం దగ్గరయ్యేసరికి ఎత్తులో సన్నగా నల్ల పొగ కనిపించింది. బలం పెద్దగా తగ్గలేదు. ఎయిర్ ఫిల్టర్ తీసి దులిపితే తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. కొత్త ఫిల్టర్ అనంతపురంలో వేశా, ఇంకాస్త తగ్గింది.

మిగిలిన పనులు ఇవి. గేజీ బెండు సరిగానే తేలుతోంది, దాని తీగచుట్టు ఒక చోట అరిగిపోయింది. ఈ మోడల్‌ది దొరకలేదు, అందాకా మా ఆవిడ పుస్తకమే గేజీ. ట్యాంకు నుంచి బౌల్‌కు వచ్చే పైపు సైలెన్సర్‌కు దగ్గరగా పోతోంది, గుత్తిలో ఆగినప్పుడు క్లాంపు వేసి పక్కకు జరిపా. బౌల్‌ను ప్రతి నిండు ట్యాంకుకు ఒకసారి తెరుస్తున్నా. రెండోసారి రెండు చుక్కల నీళ్లే వచ్చాయి, తుప్పు లేదు.

కడప పంపు షాపు పెద్దాయనకు ఫోన్ చేసి గొట్టం సంగతి చెప్పా. నవ్వి, "మంచిదే సామీ, పంపు దించే పని తప్పింది. ఆ నల్లపొగకు నాజిళ్లన్నా టెస్టు చేపించు" అన్నాడు. ఆ మాట సబబే. నాజిళ్లు ఎప్పుడు విప్పారో పాత కాగితాల్లో ఎక్కడా లేదు. కర్నూలు చేరాక నాలుగూ తీసి టెస్టు బెంచి మీద పెట్టిస్తా, అవి ఎలా చిమ్ముతున్నాయో చూసి రాస్తా.